క్రిస్మస్ విందుకు మసాలా కూరి చుట్టిన బీఫ్ రోస్టు: మాంసం కొనడం నుంచి వడ్డన దాకా

అమ్మా, మీరు విజయవాడలో ఉంటారనీ, క్రిస్మస్ రోజు ఇంటికి 20 మంది వస్తారనీ, ఉదయం ఆరాధన ముగించుకుని ఇల్లు చేరేసరికి ఒంటిగంట దాటుతుందనీ, అయినా అందరూ భోజనానికి కూర్చునేసరికి లోపల మసాలా కూరి చుట్టిన బీఫ్ రోస్టు సిద్ధంగా ఉండాలనీ రాశారు. నిరుడు చేసినప్పుడు మాంసం పీచుపీచుగా ఎండిపోయిందనీ, కోయబోతే చుట్ట విడిపోయి లోపలి స్టఫింగ్ అంతా పళ్లెంలో రాలిపోయిందనీ, ఇంట్లో 30 లీటర్ల ఓటీజీ (కరెంటుతో పనిచేసే చిన్న ఓవెన్) ఒకటీ అయిదు లీటర్ల ప్రెషర్ కుక్కర్ ఒకటీ ఉన్నాయనీ కూడా చెప్పారు. గుంటూరులో ఏళ్ల తరబడి పెళ్లిళ్లకూ పండుగలకూ వండుతున్న వాడిగా నేను మొదట చెప్పే మాట ఒక్కటే. ఈ వంటను 25వ తేదీన పెట్టుకోకండి. 24న పూర్తిగా వండి, చల్లార్చి, ఫ్రిజ్‌లో ఉంచి, 25న చల్లగా ఉన్నప్పుడే ముక్కలు కోసి, గ్రేవీలో వేడిచేసి వడ్డించండి. నిరుడు మీకు ఎదురైన రెండు ఇబ్బందుల్లో ఒకటి దీనితోనే సగానికి పైగా తీరిపోతుంది. రెండోది తీరాలంటే మన దగ్గర దొరికే మాంసం స్వభావం తెలియాలి.

పుస్తకాల్లోనూ వీడియోల్లోనూ కనిపించే విదేశీ రోస్టు కోసం రెండేళ్లు కూడా నిండని, మేపి బలిపించిన పశువు మాంసం వాడతారు. కండ మధ్యలో సన్నని కొవ్వు చారలు ఉంటాయి, కోసిన తరువాత దాన్ని రెండు మూడు వారాల పాటు చల్లని గదిలో మాగబెడతారు. అందుకే దాన్ని మూత లేకుండా ఓవెన్‌లో పెట్టి, లోపల ఇంకా గులాబీ రంగులో ఉండగానే తీసినా మెత్తగా ఉంటుంది. మన దగ్గర బీఫ్ అంటే చాలావరకు గేదె జాతి మాంసం, లేదంటే పని నుంచి తప్పించిన ఎద్దు మాంసం. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ప్రకారం ఆవులనూ దూడలనూ వధించడం నిషిద్ధం, మిగిలిన పశువులకు ధ్రువపత్రం ఉండాలి. కాబట్టి మనకు దొరికేది వయసు వచ్చిన పశువు మాంసమే. దాని కండలో కొవ్వు తక్కువ, కండను పట్టి ఉంచే కొలాజెన్ అనే గట్టి పదార్థం ఎక్కువ. మూత లేని పొడి వేడిలో పెడితే ఆ కండ ఉన్న కాస్త నీటినీ పిండేసుకుంటుంది తప్ప మెత్తబడదు. అదే మాంసాన్ని మూత పెట్టి, కొద్దిపాటి రసంలో, తక్కువ వేడి మీద మూడు గంటలు ఉంచితే కొలాజెన్ కరిగి జిగురుగా మారి, కండ నోట్లో విడిపోయేంత మెత్తగా అవుతుంది. మీరు మూత పెట్టారో లేదో రాయలేదు గానీ, ఎండిపోయిన తీరు చూస్తే మూత లేకుండానే ఉడికినట్టుంది.

గులాబీ రంగు మాట పూర్తిగా మరిచిపొమ్మనడానికి ఇంకో కారణం కూడా ఉంది. కోయని కండలో సూక్ష్మజీవులు పైభాగానే ఉంటాయి గనుక పైన కాలితే చాలు. మనం కండను తెరిచి, లోపల ముద్ద పరిచి, మళ్లీ చుట్టేసరికి ఒకప్పుడు పైభాగంగా ఉన్నది నడిమధ్యకు చేరుతుంది. అందువల్ల కూరిన రోస్టులో నడిమధ్య ముద్ద కనీసం 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరి తీరాలి. మనం మెత్తదనం కోసం 88 నుంచి 92 డిగ్రీల వరకు తీసుకెళతాం కాబట్టి ఆ నియమం దానంతట అదే నెరవేరుతుంది.

ఇక ఏ కండ అడగాలన్నది. వెన్నెముక కింద ఉండే అండర్‌కట్ అందరికీ ఇష్టమైనదే గానీ ఈ వంటకు అది తగదు. అందులో కొలాజెన్ దాదాపు ఉండదు గనుక ఎక్కువసేపు ఉడికిస్తే పొడిపొడిగా అయిపోతుంది, దాన్ని వేపుడుకు ఉంచుకోండి. జబ్బ మాంసం రుచిలో అన్నిటికన్నా మిన్న, కానీ అది చిన్న చిన్న కండలు అతుక్కుని ఉన్న భాగం కాబట్టి తెరిచి పరిస్తే చిల్లులు పడి ముద్ద బయటికి వస్తుంది. వెనక తొడలోని పెద్ద ఏకకండ దీనికి సరైనది. అంగడిలో ముక్కలు కొట్టేయకముందే వెళ్లి, రోస్టుకు చుట్టాలి, ఎముక లేకుండా ఒకే కండగా, పైన ఉన్న కొవ్వు తీయకుండా ఇవ్వమని అడగండి. ఒక్కొక్కటి కిలోన్నర చొప్పున రెండు కండలు తీసుకోండి. మూడు కిలోల ఒకే కండ బల్ల మీద ఘనంగా కనిపిస్తుంది, నిజమే. కానీ కండ లావు రెట్టింపయితే వేడి నడిమధ్యకు చేరే సమయం రెట్టింపుతో ఆగదు, నాలుగు రెట్ల దాకా పోతుంది. అంతసేపట్లో బయటి పొర ఎండిపోతుంది. పైగా 30 లీటర్ల ఓటీజీలో రెండు చిన్న చుట్టలు పక్కపక్కన పడతాయి గానీ ఒక పెద్దది పైరాడ్‌కు తగిలి మాడుతుంది. మాంసంతో పాటు రెండు మూలుగ ఎముకలూ, ఒక వంద గ్రాముల గట్టి కొవ్వూ అడిగి తెచ్చుకోండి. గేదె కొవ్వు తెల్లగా, ఆవుజాతి కొవ్వు కాస్త పసుపుగా ఉంటుంది, ఏదైనా పనికొస్తుంది. కండ ముదురు ఎరుపులో, పైన తడి జిగురు లేకుండా, వేలితో నొక్కితే తిరిగి పైకి లేచేలా ఉండాలి. మున్సిపల్ కబేళా ముద్ర ఉన్న మాంసం అమ్మే, లైసెన్సు ఉన్న అంగడిలోనే కొనండి.

కొనే రోజు 22వ తేదీ కావాలి. మన అంగళ్లలో తెల్లవారుజామున కోసిన మాంసం సూర్యోదయానికే అమ్ముడుపోతుంది. అది తాజాదని మనం సంతోషిస్తాం గానీ, కోసిన కొన్ని గంటలకు కండ బిగుసుకుంటుంది, ఆ బిగువు వదలడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. బిగుసుకున్న సమయంలో వండిన మాంసం ఎంతసేపు ఉడికించినా సాగుతూనే ఉంటుంది. అందుకని తెచ్చిన మాంసాన్ని కడిగి నీళ్లలో నానబెట్టకుండా శుభ్రమైన గుడ్డతో తుడిచి, తీగ జాలీ ఉన్న పళ్లెంలో పెట్టి, వదులుగా కప్పి, ఫ్రిజ్‌లో అన్నిటికన్నా కింది అరలో 23వ తేదీ సాయంత్రం వరకు ఉంచండి. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి. బిగువు రాకముందే గడ్డకట్టిన మాంసం, కరిగేటప్పుడు ఒక్కసారిగా ముడుచుకుని రసమంతా వదిలేస్తుంది. ఈ ఒక్క జాగ్రత్త వల్ల వచ్చే మెత్తదనం ఏ మసాలా వల్లా రాదని నేను గట్టిగా నమ్ముతాను.

చాలామంది మెత్తదనం కోసం పచ్చి బొప్పాయి ముద్ద పట్టిస్తారు. వేపుడు ముక్కలకు అది మంచిదే. చుట్టే రోస్టుకు వద్దు. బొప్పాయిలోని పపైన్ కండలోకి కొద్ది మిల్లీమీటర్ల కన్నా దిగదు. పొయ్యి మీద వేడెక్కుతున్నప్పుడు దాని పని ఒక్కసారిగా పెరిగి, తాకిన పొరను పిండి పిండిగా చేస్తుంది. దారం కట్టిన చోట ఆ పొర తెగి చుట్ట విడిపోతుంది. నిరుడు మీ రోస్టు విడిపోవడానికి ఇదే కారణం అయి ఉండవచ్చు, మీరు బొప్పాయి వాడి ఉంటే.

23 సాయంత్రం, మూలుగ ఎముకలతో రసం కాచి ఉంచుకోవడం కాక, రెండు పనులు ఉంటాయి. మొదటిది ఉప్పు. కండ మీద ఉండే మెరిసే తెల్లటి పొరను సన్నని కత్తితో తీసేయండి, అది ఎంత ఉడికినా కరగదు, పైగా ముడుచుకుని చుట్టను వంకర చేస్తుంది. కొవ్వు పొరను మాత్రం అలాగే ఉంచండి. తరువాత కండను తెరవాలి. చెక్క పలక మీద కండను పెట్టి, పక్క నుంచి మధ్యకు అడ్డంగా కోస్తూ వెళ్లి, అవతలి అంచుకు ఒక అంగుళం ముందే కత్తి ఆపి, పుస్తకం తెరిచినట్టు తెరవండి. లావుగా మిగిలిన చోట్ల మళ్లీ అలాగే సగానికి కోసి తెరవవచ్చు. పైన శుభ్రమైన ప్లాస్టిక్ కాగితం కప్పి, అప్పడాల కర్రతో మెల్లగా కొట్టి, అంతటా ఒకటిన్నర సెంటీమీటర్ల మందం వచ్చేలా సమం చేయండి. కిలోన్నర కండకు 18 గ్రాముల ఉప్పు, రెండు చెంచాల మిరియాల పొడి, లోపలి వైపు మాత్రమే ఒక చెంచా అల్లం వెల్లుల్లి ముద్ద చొప్పున రాసి, కప్పి ఫ్రిజ్‌లో పెట్టండి. ఉప్పు రాత్రంతా కండ లోపలికి ఇంకి, ఉడికేటప్పుడు రసం కొంత నిలిచేలా చేస్తుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి పీచు ఎటు నడుస్తోందో చూడండి. వంట అంతటిలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇదే అయినా, దీన్ని చెప్పేవారు తక్కువ. తొడ కండలో పీచు పోగులు ఒకే దిక్కుగా, పొడుగ్గా, కంటికి కనిపించేంత స్పష్టంగా ఉంటాయి. మీరు కండను ఎలా చుట్టినా, వడ్డించేటప్పుడు కోసేది చుట్టకు అడ్డంగానే. కాబట్టి పీచు చుట్ట పొడవు వెంట నడవాలి. అప్పుడు కత్తి ప్రతి పోగునూ అడ్డంగా తెంపుతుంది, ముక్కలో మిగిలేవి పొట్టి పోగులు, పంటికి మెత్తగా తగులుతాయి. పీచు చుట్ట చుట్టూ తిరిగేలా చుడితే, కోసిన ప్రతి ముక్కలోనూ పొడుగు పోగులు సాగుతూ వస్తాయి. అదే మాంసం, అదే మంట, అదే సమయం, అయినా తినేవారికి ఒకటి మెత్తన, ఒకటి పీచు. తెరిచిన కండను మీ ముందు పరిచి, పోగులు ఎడమ నుంచి కుడికి వెళ్లేలా తిప్పుకోండి, మీ వైపు అంచు నుంచి అవతలికి చుట్టండి. అనుమానంగా ఉంటే చుట్టే ముందు ఒక మూల చిన్న ముక్క కోసి, వేళ్లతో లాగి చూడండి. పోగులు ఎటు విడిపోతాయో తెలుస్తుంది.

23 సాయంత్రం రెండో పని స్టఫింగ్. దీన్ని ముందే వండి చల్లార్చి ఉంచాలి. వేడి ముద్దను పచ్చి మాంసం మీద పరిస్తే మాంసం గోరువెచ్చన అయి, సూక్ష్మజీవులు పెరగడానికి అనువైన చోటుగా మారుతుంది. రెండు చుట్టలకు కలిపి ఆరు నుంచి ఏడు వందల గ్రాముల ముద్ద చాలు. అంతకన్నా ఎక్కువ కూరితే దారం బిగించేటప్పుడే రెండు చివరల నుంచీ బయటికి వస్తుంది.

నా పద్ధతి చెబుతాను. ముందు తెచ్చిన గట్టి కొవ్వును సన్నగా తరిగి మూకుడులో కరిగించి, అందులో సన్నగా తరిగిన 400 గ్రాముల ఉల్లిపాయలను సన్నని మంట మీద బంగారు రంగు వచ్చేదాకా వేయిస్తాను. పన్నెండు వెల్లుల్లి రెబ్బలు, మూడు పచ్చిమిరపకాయలు తరిగి వేస్తాను. తరువాత 150 గ్రాముల ఎర్ర గోంగూర ఆకును కడిగి, గుడ్డ మీద పూర్తిగా ఆరబెట్టి, ఆ కొవ్వులోనే నీరంతా ఇగిరి ముద్దగా దగ్గరపడేదాకా వేయిస్తాను. గోంగూర మాంసం మన జిల్లాల రుచి, దాని పులుపు గేదె మాంసపు బరువును తేలిక చేస్తుంది. విదేశీ పద్ధతిలో దీని చోట మూలికల ఆకులూ, ఆపిల్ లాంటి పుల్లని పండూ వాడతారు. నాకు మాత్రం ఎండిన రోజ్‌మేరీ సీసా కన్నా గోంగూర కట్టే నయమనిపిస్తుంది. దీనికి నిన్నటి బ్రెడ్ ఎనిమిది ముక్కలను చేత్తో నలిపిన పొడి, దోరగా వేయించిన 75 గ్రాముల జీడిపప్పు, 50 గ్రాముల ఎండుద్రాక్ష, గుప్పెడు పుదీనా, అర చెంచా గరం మసాలా, మిరియాల పొడి, కొద్దిగా ఉప్పు కలపండి. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి, 24 ఉదయం కూరే ముందు ఒక గుడ్డు కొట్టి కలపండి. చేత్తో నొక్కితే ఉండ కట్టాలి, నీరు మాత్రం కారకూడదు. ముద్దలో తడి ఎక్కువైతే బ్రెడ్ పొడి ఉడికి జావలా మారి, కోసినప్పుడు జారిపోతుంది. ఖీమా కూడా కలపాలనుకుంటే 200 గ్రాములు విడిగా పూర్తిగా వేయించి, చల్లార్చి కలపండి, ఆ మేరకు బ్రెడ్ తగ్గించండి.

ఉడికించిన కోడిగుడ్లను మధ్యలో వరుసగా పెట్టి చుట్టడం మీరు అడిగారు. కోసినప్పుడు చూడముచ్చటగా ఉంటుందన్నది నిజం. అయితే మూడు గంటల వేడిలో గుడ్డు తెల్లసొన రబ్బరులా బిగుస్తుంది, పచ్చసొన చుట్టూ ఆకుపచ్చని చార ఏర్పడుతుంది, ఆ వాసన ముద్దకు పడుతుంది. పిల్లల కోసం గుడ్లు కావాలంటే విడిగా ఉడికించి, సగానికి కోసి, పళ్లెం అంచున పేర్చండి.

24 ఉదయం చుట్టే ముందు దారం సిద్ధం చేసుకోండి. రంగు వేయని లావు నూలు దారాన్ని పది నిమిషాలు మరిగే నీటిలో ఉడికించి తీయండి. నైలాన్, ప్లాస్టిక్ కలిసిన దారం ఏదీ పనికిరాదు, వేడికి కరుగుతుంది. అంచుల చుట్టూ ఒక అంగుళం ఖాళీ వదిలి ముద్దను పలుచగా పరచి, గట్టిగా నొక్కి, కొవ్వు పొర పైకి వచ్చేలా చుట్టండి. చుట్ట పొడవు 18 సెంటీమీటర్లు దాటకుండా చూసుకుంటే కుక్కర్‌లోనూ పడుతుంది. మొదటి ముడి నడిమధ్యన వేసి, తరువాత రెండు చివరలకూ వేసి, ఆపైన మధ్యలో రెండేసి వేళ్ల ఎడంతో విడివిడి ముడులు వేస్తూ రండి. ఒకే దారాన్ని సుడిగా చుట్టేవారు ఉన్నారు, అది చూడటానికి బాగుంటుంది గానీ ఒక చోట తెగితే మొత్తం వదులవుతుంది. ముడి బిగువు దారం కండలోకి కొద్దిగా దిగేంత ఉండాలి, కండను కోసేంత ఉండకూడదు. ఉడికేటప్పుడు కండ ముడుచుకుంటుంది గనుక మొదట కాస్త వదులుగా ఉన్నా బిగుస్తుందని అనుకోకండి, ముడుచుకునేది పొడవులో, వదులయ్యేది చుట్టుకొలతలో.

తరువాత పైభాగం ఎర్రగా కాల్చాలి. ఇలా కాల్చడం వల్ల రసం లోపల బంధించబడుతుందని 19వ శతాబ్దపు జర్మన్ రసాయన శాస్త్రవేత్త యుస్టస్ ఫాన్ లీబిగ్ కాలం నుంచీ చెప్పుకుంటూ వచ్చారు, ప్రయోగాల్లో అది నిలబడలేదు. కాల్చిన మాంసం నుంచి కూడా రసం పోతూనే ఉంటుంది. అయినా ఈ పని మానకూడదు, ఎందుకంటే రోస్టు రుచి, వాసన, గ్రేవీ రంగు అన్నీ ఆ ఎర్రని పొర నుంచే వస్తాయి. అది ఏర్పడాలంటే పైభాగం పొడిగా ఉండాలి. మనకు అలవాటైన పద్ధతిలో పెరుగు, కారం, ధనియాల పొడి బయట పట్టించి పొయ్యి మీద వేస్తే, తడి ఆరేలోపే కారం మాడి చేదెక్కుతుంది. అందుకే బయట ఉప్పు, మిరియాలు తప్ప మరేదీ రాయవద్దని అంటాను. చుట్టను గుడ్డతో బాగా తుడిచి, మందపాటి అడుగున్న గిన్నెలో నాలుగు చెంచాల నూనె బాగా కాగాక పెట్టి, ఒక్కొక్క వైపు రెండు మూడు నిమిషాలు కదపకుండా ఉంచి, నాలుగు వైపులా, చివరలు కూడా ఎర్రబడేలా తిప్పండి. రెండు చుట్టలనూ ఒకేసారి ఇరికించకండి, గిన్నె చల్లారి మాంసం ఉడకడం మొదలవుతుంది.

అదే గిన్నెలో గ్రేవీకి పునాది వేయాలి. మూడు పెద్ద ఉల్లిపాయలు, రెండు క్యారట్లు, ఒక వెల్లుల్లి గడ్డ, అంగుళం దాల్చినచెక్క, ఆరు లవంగాలు, రెండు బిర్యానీ ఆకులు వేయించి, నానబెట్టి నూరిన ఎండుమిరపకాయలు ఆరు వేయండి. ఇక్కడ గుంటూరు సన్నం వాడండి. తేజ వాడితే దాని ఘాటు మూడు గంటల్లో ఇంకా లోతుగా దిగి, మాంసం రుచినీ గోంగూర రుచినీ కప్పేస్తుంది. నాలుగు టమాటాలు, రెండు చెంచాల వెనిగర్ వేసి, గిన్నె అడుగున అంటుకున్న ఎర్రని మాడును చెక్క గరిటెతో గీరి కలపండి. ముందురోజు మూలుగ ఎముకలతో కాచి ఉంచుకున్న రసం అర లీటరు పోయండి. ఉప్పు ఇప్పుడు వేయకండి, రసం ఇగిరాక చూసి వేయవచ్చు.

ఓటీజీని 15 నిమిషాలు ముందే 150 డిగ్రీలకు వేడి చేసి, పై రాడ్, కింది రాడ్ రెండూ పనిచేసేలా పెట్టండి. లోతైన ట్రేలో చుట్టలు కొవ్వు వైపు పైకి ఉండేలా పక్కపక్కన పెట్టి, రసం వాటి ఎత్తులో మూడో వంతు వరకు వచ్చేలా పోయండి. పైన ముందు బటర్ పేపర్ కప్పి, దాని మీద రెండు పొరల అల్యూమినియం ఫాయిల్ అంచులు బిగించి మూయండి. టమాటా, వెనిగర్ పులుపు ఫాయిల్‌ను నేరుగా తాకకూడదు గనుక మధ్యలో ఆ కాగితం అవసరం. గంటన్నర తరువాత ఒకసారి తీసి, చుట్టలను తిప్పి, రసం తగ్గితే వేడి రసమే కలిపి, మళ్లీ మూయండి. మొత్తం రెండున్నర నుంచి మూడున్నర గంటలు పడుతుంది. పశువు వయసును బట్టి మారుతుంది గనుక గడియారం కన్నా మాంసాన్నే నమ్మాలి. సన్నని ఇనుప పుల్ల గుచ్చితే పెద్దగా అడ్డు లేకుండా దిగాలి, తీస్తుంటే మాంసం దానితో పాటు పైకి లేవకూడదు. మాంసంలో గుచ్చి చూసే థర్మామీటరు ఒకటి కొనుక్కోండి, కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది, దాని మొన నడిమధ్య ముద్దలో ఉండగా 88 డిగ్రీలు చూపితే పని అయినట్టే. 95 దాటనివ్వకండి, ఆపైన మాంసం చుట్టగా నిలవదు, పోగులుగా విడిపోతుంది.

కరెంటు మీద నమ్మకం లేకపోయినా, ఓటీజీ కేకులతో నిండిపోయినా కుక్కర్‌తో చేయవచ్చు. కుక్కర్ లోపల వేడి 120 డిగ్రీల దగ్గరకు పోతుంది గనుక సమయం తగ్గుతుంది. ఒక్కొక్క చుట్టను విడిగా, అడుగున ఉల్లిపాయ చక్రాలు పరిచి, వాటి మీద పెట్టి, ఒకటిన్నర గ్లాసుల రసంతో మూత పెట్టండి. మొదటి విజిల్ వచ్చాక మంట పూర్తిగా తగ్గించి 45 నిమిషాలు ఉంచి, ఆవిరి దానంతట అదే పోయేదాకా మూత ముట్టుకోకండి. విజిల్ ఎత్తి ఆవిరిని ఒక్కసారిగా వదిలితే మాంసం లోపలి రసం కూడా ఒక్కసారిగా మరిగి, ముద్దను చివరల నుంచి బయటికి నెడుతుంది. కుక్కర్‌లో చేసిన దానికి ఓటీజీలో చేసిన దానికున్నంత గాఢమైన రుచి రాదని ఒప్పుకోవాలి. మెత్తదనంలో మాత్రం తేడా ఉండదు.

24 మధ్యాహ్నానికల్లా వంట అయిపోవాలి. రాత్రి ఆరాధనకు వెళ్లేలోపు మాంసం చల్లారి ఫ్రిజ్‌లో ఉండాలి కదా. డిసెంబరు అయినా మన దగ్గర పగటి వేడి 30 డిగ్రీల దాకా ఉంటుంది. రోస్టును అలాగే గిన్నెలో మూత పెట్టి పొయ్యి మీద వదిలేస్తే, పెద్ద కండ నడిమధ్య గంటల తరబడి గోరువెచ్చగా ఉండి, ఉడికిన మాంసంలో కూడా బతికి ఉండే కొన్ని సూక్ష్మజీవులు మళ్లీ పెరుగుతాయి. చుట్టలను పొడి పళ్లెంలోకి తీసి, ఫ్యాను కింద పెట్టండి. రసాన్ని వడగట్టి వెడల్పాటి గిన్నెలో పోసి, ఆ గిన్నెను ఐసు వేసిన నీళ్ల తొట్టిలో ఉంచండి. రెండు గంటలు దాటకముందే రెండూ మూతలతో ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. దారం విప్పకండి.

25 ఉదయం ఆరాధనకు బయలుదేరే ముందు చుట్టలను బయటికి తీస్తే, కరిగిన కొలాజెన్ రాత్రికి రాత్రి గట్టిపడి ముద్దనూ మాంసాన్నీ ఒకటిగా పట్టి ఉంచడం చూస్తారు. పొడవాటి పదునైన కత్తితో ఒక సెంటీమీటరు మందాన కోస్తూ, కత్తి దారం దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆ ఒక్క ముడినే కత్తిరించి తీయండి. గోధుమ రంగు, ఆకుపచ్చ సుడులు చెదరకుండా ముక్కలు వస్తాయి. వేడిగా ఉన్నప్పుడు ఇంత శుభ్రంగా కోయడం చేయి తిరిగిన వంటవాడికి కూడా కష్టమే. కోసిన వరుసలోనే ట్రేలో పేర్చి, కప్పి మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లండి.

గ్రేవీ మీద తెల్లగా గడ్డకట్టిన కొవ్వును గరిటెతో తీసి దాచుకోండి. ఉడికించిన బంగాళాదుంపలను ఆ కొవ్వులో వేయిస్తే మరే నూనెలోనూ రాని కరకర వస్తుంది. వడగట్టినప్పుడు తీసి రసంతో పాటే ఫ్రిజ్‌లో ఉంచిన ఉల్లిపాయలను కొంత రసంతో కలిపి మిక్సీలో మెత్తగా చేసి తిరిగి కలిపితే మైదా లేకుండానే చిక్కబడుతుంది. ఇంటికి రాగానే దీన్ని అయిదు నిమిషాలు తెర్ల కాచి, ఉప్పు, పులుపు సరిచూసి, ముక్కల మీద సగం ఎత్తు వరకు పోసి, ఫాయిల్ కప్పి, 160 డిగ్రీల ఓటీజీలో 30 నుంచి 35 నిమిషాలు ఉంచండి. మధ్యలోని ముక్క ఆవిర్లు కక్కేంత వేడెక్కిందో లేదో చూసి తీయండి. ఒంటిగంటకు ఇల్లు చేరితే పావు తక్కువ రెండుకల్లా వడ్డించవచ్చు. వడ్డించే పళ్లెం కూడా వేడిగా ఉండాలి, ఎందుకంటే ఈ కొవ్వు చల్లారితే అంగిలికి అంటుకుని రుచి తెలియనివ్వదు. కాబట్టి ఒకేసారి బల్ల మీద పెట్టకుండా రెండు విడతలుగా తీసుకురండి.

మూడు కిలోల మాంసం ఉడికాక రెండు కిలోలకు కాస్త అటూ ఇటూగా మిగులుతుంది. ముద్దతో కలిపి 20 మందికి తలా ఒకటి రెండు ముక్కలు వస్తాయి, పక్కన బగారా అన్నం, కోడి కూర, పెరుగు పచ్చడి ఉంటే అది ధారాళంగా సరిపోతుంది. మీ ఇంటికి పండుగ రోజు ఇరుగుపొరుగు వారు కూడా వస్తారని రాశారు గనుక ఒక్క మాట. వారిలో ఈ మాంసం తినని వారు ఉంటారు. వారి కోసం చేసే వంటకు కత్తి, పలక, గరిటె, నూనె వేరుగా పెట్టి, వేరే బల్ల మీద వడ్డించి, ఏది ఏమిటో ముందే చెప్పండి. దాచిన కొవ్వులో వేయించిన బంగాళాదుంపలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి, దాన్ని చాలామంది మరిచిపోతారు.

మిగిలిన ముక్కలను గ్రేవీ నుంచి తీసి విడిగా మూత డబ్బాలో పెడితే 27వ తేదీ వరకు నిలుస్తాయి. వేడి చేసేటప్పుడు తినేంత మేరకే తీసి వేడి చేయండి, మొత్తాన్ని వేడి చేసి మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టకండి. చల్లని ముక్కలను సన్నగా చీరి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకుతో పెనం మీద వేయిస్తే మరుసటి ఉదయం ఇడ్లీలోకైనా, రొట్టెలోకైనా బాగుంటాయి.